పుట్టినరోజున పిల్లలకు ఫైర్ స్టేషన్ చూపించిన సిబ్బందికి కృతజ్ఞతలు తెలపడం ఎలా?

పిల్లల పుట్టినరోజున ఫైర్ స్టేషన్‌కు వెళ్ళివచ్చిన తల్లిదండ్రులు చాలామంది ఒకే సందేహంతో రాస్తున్నారు. అంత ఓపికగా పిల్లలందరినీ ఫైరింజన్ ఎక్కించి, హెల్మెట్లు పెట్టి, గొట్టంతో నీళ్ళు చిమ్మించిన వారికి తిరిగి ఏమివ్వాలి? డబ్బు ఇస్తే బాగుంటుందా, తినడానికి ఏమైనా పంపాలా, ఒక్క కార్డు ఇస్తే చిన్నతనంగా ఉంటుందా అని అడుగుతున్నారు.

ఆ రోజు ఏం జరిగిందో స్పష్టంగా చెప్పే ఒక ఉత్తరం, బిడ్డ చేతితో చేసిన ఒక కార్డు, ఆ రోజు డ్యూటీలో ఉన్న బృందానికే చేరితే చాలు. అంతకు మించినదేదైనా మీ ఇష్టం. అయితే ఈ చిన్న పనిలోనే పొరపాట్లు ఎక్కువగా జరుగుతుంటాయి. కార్డు వేరే షిఫ్టు వారికి చేరుతుంది, ఉత్తరం ఎవరికైనా పంపదగినంత సాధారణంగా ఉంటుంది, కానుక వారికి ఇబ్బంది తెచ్చిపెడుతుంది. కింది పద్ధతిని అనుసరిస్తే వీటిని తప్పించుకోవచ్చు.

కావలసినవి

- సందర్శన జరిగిన తేదీ, సమయం, స్టేషన్ పూర్తి పేరు
- ఆ సమయంలో డ్యూటీలో ఉన్న షిఫ్టు పేరు. తెలిస్తే సిబ్బంది పేర్లు, హోదాలు
- మందపాటి కాగితం, రంగు పెన్సిళ్ళు లేదా స్కెచ్ పెన్నులు
- ఉత్తరానికి మామూలు తెల్ల కాగితం, కార్డు మడత పడకుండా పట్టే కవరు
- ప్రింటు తీయించిన ఒకటి రెండు ఫొటోలు
- స్టేషన్ కార్యాలయపు మామూలు ఫోన్ నంబరు

చివరి దాని గురించి ఒక హెచ్చరిక. కృతజ్ఞతలు చెప్పడానికి గానీ, షిఫ్టు వివరాలు అడగడానికి గానీ అత్యవసర నంబరుకు ఎట్టి పరిస్థితులలోనూ ఫోన్ చేయకండి. ఆ లైనులో మీరు మాట్లాడే అర నిమిషంలో ఎవరి ఇంట్లోనో మంటలు పెరుగుతూ ఉండవచ్చు. కార్యాలయపు నంబరు దొరకకపోతే ఉత్తరం పోస్టులో పంపండి.

1. వివరాలు ఆ రోజే రాసిపెట్టుకోండి

ఫైర్ స్టేషన్లు రాత్రింబవళ్ళు పనిచేస్తాయి కాబట్టి సిబ్బంది బృందాలుగా విడిపోయి వంతులవారీగా డ్యూటీ చేస్తారు. కొన్ని దేశాలలో ఒక బృందం ఏకబిగిన 24 గంటలు డ్యూటీలో ఉండి, ఆ తరువాత రెండు రోజులు సెలవు తీసుకుంటుంది; మరికొన్ని చోట్ల పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు వేరువేరుగా ఉంటాయి. ఏ పద్ధతిలోనైనా, మీరు కార్డు తీసుకువెళ్ళే రోజున అక్కడ కనిపించేవారు మీ పిల్లలను ఆడించినవారు కాకపోయే అవకాశం ఎక్కువ.

అందుకే స్టేషన్ నుంచి బయలుదేరే ముందే “ఇవాళ డ్యూటీలో ఉన్నది ఏ షిఫ్టు అండీ?” అని ఒక్క మాట అడిగి, ఫోన్‌లో రాసుకోండి. పేర్లు కూడా అప్పుడే అడగవచ్చు. అడగడం మరిచిపోతే తేదీ, సమయం చాలు. డ్యూటీ రిజిస్టరులో చూసి ఎవరున్నారో వారే తెలుసుకోగలరు. పేర్లు సగమే గుర్తున్నప్పుడు మాత్రం ఆ సగం పేర్లు రాయకండి. ముగ్గురి పేర్లు రాసి, వెనుక నిలబడి గొట్టాన్ని చుట్టిపెట్టిన నాలుగో వ్యక్తిని వదిలేయడం కంటే, “ఆ రోజు డ్యూటీలో ఉన్న మీ అందరికీ” అని రాయడమే మర్యాద. డ్రైవరును, ఫోన్ దగ్గర కూర్చున్న వ్యక్తిని మరిచిపోవడం అందరూ చేసే పొరపాటు. మీ బృందం లోపల తిరిగినంతసేపూ కాల్ వస్తే అందుకోవడానికి సిద్ధంగా ఉన్నది వారే.

2. బిడ్డకు ఏది నచ్చిందో అడిగి తెలుసుకోండి

ఈ అడుగును చాలామంది దాటవేస్తారు. నా దృష్టిలో మొత్తం పనికి ప్రాణం ఇదే. పెద్దలు ఫైరింజన్ గురించి రాస్తారు. పిల్లలకు గుర్తుండేది సాధారణంగా మరొకటి. “బాగుందా?” అని అడిగితే “బాగుంది” అని తప్ప జవాబు రాదు. దానికి బదులు “అక్కడ అన్నిటికంటే వింతగా అనిపించింది ఏది?”, “నువ్వు ఏది ముట్టుకున్నావు? అది ఎలా ఉంది?”, “కొంచెం భయం వేసిందా, ఎప్పుడు?” అని అడగండి.

ఒక బిడ్డ “వాళ్ళ ప్యాంటు బూట్లలోనే నిలబడి ఉంది” అని చెప్పవచ్చు. అది నిజంగా గమనించదగిన విషయం. కాల్ రాగానే ఒక్క అడుగులో బూట్లు తొడుక్కుని ప్యాంటు పైకి లాక్కోవడానికి వీలుగా, దానిని బూట్ల మీదికి దించి ముందే అమర్చి ఉంచుతారు. మరో బిడ్డ “మాస్కు పెట్టుకుంటే ఆ అంకుల్ ఊపిరి గట్టిగా వినిపించింది, మొదట భయమేసింది, తరువాత చెయ్యి కలిపారు” అనవచ్చు. పిల్లలకు ఆ మాస్కును చూపించడం వెనుక ఒక ముఖ్యమైన ఉద్దేశం ఉంటుంది. పొగ నిండిన గదిలోకి ఆ వేషంలో వచ్చిన మనిషిని చూసి పిల్లలు భయపడి మంచం కిందో అలమరలోనో దాక్కుంటే వారిని వెతకడం కష్టమవుతుంది. కాబట్టి “ఇప్పుడు నాకు భయం లేదు, మీరు వస్తే నేను దాక్కోను, పిలుస్తాను” అని ఒక బిడ్డ కార్డు మీద రాస్తే, అంతకు మించిన కృతజ్ఞత ఆ సిబ్బందికి మరొకటి ఉండదు.

బిడ్డ చెప్పిన మాటలను చెప్పినట్టే రాసుకోండి. వ్యాకరణం సరిదిద్దకండి.

3. కార్డు తయారు చేయించండి

మూడు నాలుగేళ్ళ పిల్లలైతే గీసినది ఏదైనా సరే అలాగే ఉంచి, అదేమిటో వారినే అడిగి పక్కన మీరు చిన్న అక్షరాలతో రాయండి. ఐదారేళ్ళ వారు బొమ్మ వేసి, ఒక వాక్యం చెబితే మీరు రాయవచ్చు, పేరు మాత్రం వారే రాయాలి. ఎనిమిదేళ్ళు దాటినవారు తమంతట తామే నాలుగు వాక్యాలు రాయగలరు. వారికి చిత్తుప్రతి రాసిచ్చి చూచిరాత రాయించకండి.

పుట్టినరోజుకు వచ్చిన మిగతా పిల్లలను కూడా కలుపుకోవాలనుకుంటే, ఒక పెద్ద కాగితం మధ్యలో ఫైరింజన్ బొమ్మ వేసి, చుట్టూ ఒక్కొక్కరి చేత ఒక్కొక్క మాట రాయించండి. పదిమంది పిల్లలు పది కార్డులు చేయడం కంటే స్టేషన్ గోడకు ఇది అనువుగా ఉంటుంది.

రాలిపోయే మెరుపుల పొడి, ఊడిపోయే పూసలు వద్దు. కార్డు మీద బిడ్డ మొదటి పేరు, వయసు చాలు. ఇంటి పేరు, బడి పేరు, చిరునామా రాయకండి, ఎందుకంటే అది నోటీసు బోర్డు మీదికి వెళ్ళవచ్చు, అక్కడికి వచ్చిపోయే వారందరూ చూడవచ్చు.

4. పెద్దల తరఫున ఉత్తరం రాయండి

కార్డు మనసును తాకుతుంది. ఉత్తరం రికార్డులో నిలుస్తుంది. చాలా అగ్నిమాపక శాఖలలో ప్రజల నుంచి వచ్చిన ప్రశంసాపత్రాలను పై అధికారులకు పంపడం, సిబ్బంది ఫైలులో చేర్చడం ఉంటుంది. అందువల్ల ఉత్తరాన్ని స్టేషన్ ఆఫీసరు పేరిట రాసి, వీలైతే ఒక ప్రతిని ఆయన పై అధికారి కార్యాలయానికి కూడా పంపండి. ఒక పేజీ మించవద్దు. అందులో ఉండవలసినవి నాలుగు: ఎప్పుడు వచ్చారు, వారు చేసిన ఒక నిర్దిష్టమైన పని, దానివల్ల బిడ్డలో కనిపించిన మార్పు, ధన్యవాదం.

నమూనా ఇలా ఉండవచ్చు:

“గౌరవనీయులైన స్టేషన్ ఆఫీసరు గారికి,

ఫలానా తేదీ ఉదయం 10 గంటలకు మా అమ్మాయి ఆరవ పుట్టినరోజు సందర్భంగా ఎనిమిది మంది పిల్లలతో మీ స్టేషన్‌కు వచ్చాము. ఆ రోజు డ్యూటీలో ఉన్న మీ సిబ్బంది సుమారు నలభై నిమిషాలు మాతో గడిపారు. పిల్లలలో ఒకరు మాస్కు చూసి వెనక్కి తగ్గినప్పుడు, మీ సిబ్బందిలో ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని, మాస్కు తీసి, తన ముఖం చూపించి, మళ్ళీ నెమ్మదిగా పెట్టుకున్నారు. ఆ తరువాత ఆ బిడ్డే ముందుకు వచ్చి చెయ్యి కలిపాడు. ఇంటికి వచ్చాక మా అమ్మాయి పొగ వస్తే నేల మీద ఎలా పాకాలో మా అందరికీ నేర్పింది. మీ పని మధ్యలో మాకు ఇంత సమయం కేటాయించినందుకు ఆ రోజు డ్యూటీలో ఉన్న ప్రతి ఒక్కరికీ మా కుటుంబం తరఫున హృదయపూర్వక ధన్యవాదాలు. దయచేసి ఈ ఉత్తరాన్ని ఆ షిఫ్టు వారికి చేర్చగలరని కోరుతున్నాము.”

ఈ నమూనాను యథాతథంగా ఎత్తి రాయకండి. మధ్య భాగంలో మీ కళ్ళతో చూసినదే ఉండాలి. “మీరే నిజమైన హీరోలు”, “మీ సేవలు వెలకట్టలేనివి” వంటి మాటలతో ఉత్తరాన్ని నింపితే, చదివేవారికి అది ఎవరు ఎందుకు రాశారో గుర్తుండదు. పొగడ్తకు బదులు జరిగినది చెప్పండి. ఒక వ్యక్తిని ప్రత్యేకంగా ప్రస్తావించవచ్చు కానీ, నియమాలను పక్కనబెట్టి మీకోసం ఏదైనా చేసి ఉంటే దానిని మాత్రం రాయకండి. మెచ్చుకోబోయి ఆ వ్యక్తిని సంజాయిషీ చెప్పుకునే పరిస్థితిలోకి నెట్టిన వారవుతారు.

5. ఫొటోలు ఎంచుకోండి

ఒక సామూహిక చిత్రం, బిడ్డ ఏదో ఒక పనిలో మునిగి ఉన్న చిత్రం ఒకటి, ఈ రెండూ సరిపోతాయి. ప్రింటు తీయించి, వెనుక తేదీ, షిఫ్టు పేరు రాయండి. బాల్‌పెన్నుతో గట్టిగా ఒత్తి రాస్తే అచ్చు ముందువైపు కనిపిస్తుంది కాబట్టి మెత్తని మార్కరు వాడి, సిరా ఆరాకే కవరులో పెట్టండి.

ఇతర పిల్లల ముఖాలు కనిపించే ఫొటో ఇచ్చే ముందు వారి తల్లిదండ్రులను అడగండి. సామాజిక మాధ్యమాలలో పెట్టాలనుకుంటే మరింత జాగ్రత్త అవసరం: సిబ్బంది అనుమతి కూడా తీసుకోవాలి, కాల్ వివరాలు రాసిన బోర్డులు, తెరలు, మ్యాపులు వెనుక కనిపించకూడదు. మాధ్యమాలలో పెట్టిన పోస్టు ఉత్తరానికి ప్రత్యామ్నాయం కాదన్నది నా గట్టి అభిప్రాయం. డ్యూటీలో ఉన్నవారు దానిని చూస్తారన్న నమ్మకం లేదు.

6. కానుక ఇవ్వాలనిపిస్తే

ముందు అడగండి. ప్రభుత్వ శాఖలలో పనిచేసే సిబ్బందికి కానుకలు తీసుకోవడంపై నియమాలుంటాయి, అవి శాఖను బట్టి మారుతాయి. విడిగా ఒక వ్యక్తి చేతిలో నగదు పెట్టడం, ఎంత సదుద్దేశంతో చేసినా, ఆ వ్యక్తిని ఇరకాటంలో పెడుతుంది. ఖరీదైన వస్తువులూ అంతే.

ఆహారం విషయంలో కూడా ముందే మాట్లాడుకోవాలి. ఇంట్లో వండినవి చాలా స్టేషన్లలో తీసుకోరు. తెలియని వంటింటి నుంచి వచ్చిన ఆహారంతో షిఫ్టులోని అందరూ ఒకేసారి అస్వస్థతకు గురైతే ఫైరింజన్ కదలదు. తీసుకుంటామని చెబితే, సీలు తీయని ప్యాకెట్లలో ఉన్నవి, విడివిడిగా తీసుకోగలిగినవి, ఫ్రిజ్ అవసరం లేనివి ఇవ్వండి. కాల్ వస్తే మధ్యలో వదిలి వెళ్ళి గంటల తరువాత తిరిగి వచ్చి తినగలిగేలా ఉండాలి.

స్టేషన్‌లో స్వచ్ఛంద సిబ్బంది పనిచేస్తుంటే విషయం కొంచెం వేరు. అనేక దేశాలలో ఇతర ఉద్యోగాలు చేసుకుంటూ, జీతం లేకుండా ఈ పని చేసేవారున్నారు. మీ బిడ్డతో గడిపిన సమయం వారి సొంత సెలవు సమయం కావచ్చు. అటువంటి స్టేషన్లు పరికరాల కోసం బహిరంగంగా విరాళాలు స్వీకరిస్తే, అధికారికంగా రసీదుతో ఇవ్వండి. బిడ్డకు వచ్చిన పుట్టినరోజు డబ్బులో కొంత ఇవ్వాలనుకుంటే, బిడ్డ ఇష్టపడితేనే ఇవ్వండి.

7. అందజేయండి

సందర్శన జరిగిన రెండు వారాల లోపు చేరితే మంచిది. స్వయంగా వెళ్ళదలిస్తే కార్యాలయానికి ఫోన్ చేసి, ఆ షిఫ్టు మళ్ళీ ఎప్పుడు డ్యూటీలో ఉంటుందో, ఏ సమయం అనువుగా ఉంటుందో అడగండి. వెళ్ళినప్పుడు ఫైరింజన్లు బయటికి వచ్చే తలుపుల ముందు, ఆ దారిలో ఎక్కడా వాహనం నిలపకండి, పిల్లలను అక్కడ నిలబడనివ్వకండి. ఐదు నిమిషాలలో ముగించండి. ఇది రెండో సందర్శన కాదని, కార్డు ఇచ్చి వచ్చేయడమేనని బిడ్డకు ముందే చెప్పి తీసుకువెళ్ళండి. మళ్ళీ ఫైరింజన్ ఎక్కించమని అక్కడ మారాం చేస్తే సిబ్బంది కాదనలేక ఇబ్బంది పడతారు.

అలారం మోగితే వెంటనే పిల్లల చెయ్యి పట్టుకుని గోడ వైపుకు జరిగి, వాహనం వెళ్ళేవరకు కదలకుండా ఉండండి. కవరు అక్కడే బల్ల మీద పెట్టి వచ్చేయవచ్చు.

వెళ్ళడం కుదరకపోతే పోస్టు ఏ విధంగానూ తక్కువ కాదు. కవరు మీద స్టేషన్ పేరు కింద “ఫలానా తేదీన డ్యూటీలో ఉన్న షిఫ్టుకు” అని స్పష్టంగా రాయండి. ఆ ఒక్క వాక్యం లేకపోతే మిగతా శ్రమంతా తప్పు చేతుల్లోకి వెళ్తుంది.

8. నేర్చుకున్నదాన్ని ఇంట్లో చేసి, ఆ సంగతి వారికి రాయండి

సిబ్బంది పిల్లలకు సమయం ఇచ్చేది వారు ఇంటికి వెళ్ళి ఏదో ఒకటి గుర్తుపెట్టుకుంటారన్న ఆశతోనే. కాబట్టి ఉత్తరం పంపే ముందే బిడ్డతో కలిసి ఇంట్లో ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. ప్రతి గది నుంచి బయటపడే రెండు దారులు గుర్తించండి. అందరూ బయట కలుసుకోవలసిన చోటు ఒకటి నిర్ణయించండి. పొగ పైకి లేస్తుంది కాబట్టి నేలకు దగ్గరగా పాకుతూ వెళ్ళడం, బయటికి వెళ్తూ తలుపు మూసివేయడం, ఒకసారి బయటపడ్డాక బొమ్మ కోసమో మరొకదాని కోసమో లోపలికి తిరిగి వెళ్ళకపోవడం సాధన చేయించండి. బట్టలకు నిప్పు అంటుకుంటే పరిగెత్తకుండా ఆగి, నేల మీద పడుకుని, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. ఇంట్లో పొగను గుర్తించే అలారం ఉంటే దానిని నెలకోసారి పరీక్షించాలి, తయారై 10 ఏళ్ళు దాటితే మార్చాలి. ఇంటి నుంచి బయటపడే సాధన ఏడాదికి కనీసం రెండుసార్లు చేయాలి.

ఇదంతా చేశాక ఉత్తరంలో ఒక్క వాక్యం చేర్చండి: “మీరు చెప్పాక మేము ఇంట్లో సాధన చేశాము, అందరం రెండు నిమిషాలలోపు బయటికి వచ్చాము.” చేయనిది చేసినట్టు మాత్రం రాయకండి.

సందర్శన మధ్యలో ఆగిపోతే

కాల్ వచ్చి సిబ్బంది మధ్యలోనే వెళ్ళిపోయినా కృతజ్ఞతలు తెలపాలి. మంటలను తట్టుకునే దుస్తులు, ఊపిరి పీల్చుకునే సిలిండరు కలిపి సుమారు 20 కిలోలు, ఒక్కొక్కసారి అంతకు మించి బరువు ఉంటాయి. దానిని తొడుక్కుని నిమిషం అటూ ఇటూగా బయలుదేరడాన్ని మీ పిల్లలు కళ్ళారా చూశారు. ఉత్తరంలో అదే రాయండి. “సగంలో ఆగిపోయినా” అంటూ మొదలుపెట్టకండి, అది ఫిర్యాదులా వినిపిస్తుంది. ఆ కాల్ ఏమిటో, ఎవరికి ఏమైందో అడగకండి. ఆ రోజు వారు చూసినది తలచుకోవడానికి ఇష్టపడనిది కావచ్చు.

పంపే ముందు సరిచూసుకోండి

ఉత్తరంలో స్టేషన్ పేరును చేతితో మూసి చదవండి. అప్పుడు అది ఏ స్టేషన్‌కైనా, ఏ పుట్టినరోజుకైనా సరిపోయేలా ఉంటే రెండో అడుగుకు తిరిగి వెళ్ళి, బిడ్డ చెప్పిన ఒక మాట చేర్చండి. తరువాత ఆ రోజు అక్కడ లేని ఒక పెద్దవారికి ఇచ్చి చదివించండి. ఎప్పుడు, ఎవరు, ఏం చేశారో వారు మిమ్మల్ని అడగకుండానే చెప్పగలిగితే ఉత్తరం సిద్ధమైనట్టే. కార్డు మీద బిడ్డను గుర్తుపట్టగలిగే వివరాలేవీ లేవని, తేదీ ఉత్తరంలోనూ కవరు మీదా ఒకటేనని చూసుకోండి.

వారం తరువాత బిడ్డను మామూలుగా “ఇంట్లో పొగ వస్తే ఏం చేస్తావు?” అని అడగండి. పాకడం, బయటికి వెళ్ళడం, కలుసుకునే చోటు, ఈ మూడూ చెబితే మీ సాధన ఫలించింది. మరిచిపోతే మళ్ళీ ఒకసారి చేయించండి.

సిబ్బంది నుంచి జవాబు కోసం ఎదురుచూడకండి, చేరిందా అని ఫోన్ చేసి అడగకండి. వారికి రోజూ కాల్స్ ఉంటాయి. ఉత్తరం చదివినా బదులు రాసే తీరిక ఉండకపోవచ్చు.

ఆలస్యమైతే

నెలలు గడిచిపోయాయని మానుకోవద్దు. క్షమాపణలతో పేరాలు నింపకుండా నేరుగా తేదీతో మొదలుపెట్టండి. ఒక సందర్భం కావాలనుకుంటే మే 4 అంతర్జాతీయ అగ్నిమాపక సిబ్బంది దినోత్సవం. 1998 డిసెంబరు 2న ఆస్ట్రేలియాలోని లింటన్ వద్ద అడవి మంటలను ఆర్పబోయి ఐదుగురు స్వచ్ఛంద సిబ్బంది మరణించిన తరువాత, 1999లో ఈ దినోత్సవం మొదలైంది. ఆ రోజు ఎరుపు, నీలం రంగుల రిబ్బన్ ధరిస్తారు, ఎరుపు నిప్పుకు, నీలం నీటికి గుర్తు. బిడ్డ కార్డుకు ఆ రెండు రంగుల రిబ్బన్ ముక్క అంటించి పంపవచ్చు. అంతకాలమైనా బిడ్డకు ఇంకా ఏం గుర్తుందో అడిగి, ఆ మాటనే కార్డు మీద రాయించండి.